పాత 32 బిట్ కంప్యూటర్లకు డెబియన్ మద్దతు ఎందుకు ముగిసింది? మీ కంప్యూటర్‌పై ప్రభావం ఎంత?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో అత్యంత పాతవాటిలో ఒకటైన డెబియన్, 2025 ఆగస్టు 9న 'ట్రిక్సీ' పేరుతో తన 13వ వెర్షన్‌ను విడుదల చేసింది. దానితోపాటే ఒక సుదీర్ఘ అధ్యాయం ముగిసింది. 32 బిట్ ప్రాసెసర్ మాత్రమే ఉన్న పాత పర్సనల్ కంప్యూటర్ల కోసం ఈ వెర్షన్‌లో కెర్నల్ లేదు, ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి కంప్యూటర్లను వాడుతున్నవారు కొత్త వెర్షన్‌కు మారవద్దని డెబియన్ తన విడుదల పత్రంలో స్పష్టంగా సూచించింది.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించినప్పుడు అది పనిచేసింది ఈ 32 బిట్ ప్రాసెసర్ల మీదే. అంటే, తాను పుట్టిన గడ్డనే డెబియన్ ఇప్పుడు విడిచిపెట్టింది.

పాత కంప్యూటర్‌కు మళ్లీ ప్రాణం పోయాలంటే లినక్స్ వేసుకోవాలన్నది చాలాకాలంగా వినిపిస్తున్న మాట. కొత్త యంత్రాలు కొనే స్తోమత లేని పాఠశాలలు, గ్రంథాలయాలు, చిన్న కార్యాలయాలు, ఇళ్లు ఈ మాటను నమ్ముకున్నాయి. ఆ మాట ఇకపై చెల్లదా? ఎవరికి చెల్లదు? ఎందుకు చెల్లదు? వివరంగా చూద్దాం.

డిస్ట్రిబ్యూషన్ అంటే ఏమిటి? 'మద్దతు' అంటే ఏమిటి?

లినక్స్ అనేది నిజానికి ఒక కెర్నల్ పేరు. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వంటి భాగాలకూ మనం వాడే ప్రోగ్రామ్‌లకూ మధ్య నిలిచి పని నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ అంటారు. ఈ కెర్నల్‌కు బ్రౌజర్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, భద్రతా పరికరాలు వంటి వేలాది ప్యాకేజీలను జోడించి, వాడుకరి నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునేలా అందించేదే డిస్ట్రిబ్యూషన్. డెబియన్, ఉబుంటు, ఫెడోరా ఇలాంటివే. డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి.

ఒక ప్రాసెసర్ రకానికి డిస్ట్రిబ్యూషన్ మద్దతు ఇవ్వడమంటే ఈ వేల ప్యాకేజీలనూ ఆ ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల్లోకి మార్చాలి. అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. లోపాలు బయటపడితే సరిదిద్దాలి. భద్రతాపరమైన లొసుగు వెలుగుచూసిన ప్రతిసారీ ఈ పనంతా మళ్లీ చేయాలి. డెబియన్‌లో ఈ పనిలో అత్యధిక భాగం స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్నదే.

అందువల్ల మద్దతు అనేది ఒకసారి ఇచ్చి వదిలేసే హామీ కాదు. ప్రతి విడుదలకూ కొందరు మనుషులు కొత్తగా భుజానికెత్తుకోవలసిన శ్రమ. ఆ శ్రమ చేసేవారు తగ్గిపోతే, యంత్రం ఎంత బాగా పనిచేస్తున్నా మద్దతు ఆగిపోతుంది.

సరిగ్గా ఏం మారింది?

32 బిట్ ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం తయారుచేసే ప్యాకేజీల సముదాయాన్ని డెబియన్ 'ఐ386' అని పిలుస్తుంది. 64 బిట్ ప్రాసెసర్లకు చెందినది 'ఏఎండీ64'. ఈ రెండో పేరు 64 బిట్ విస్తరణను తొలుత రూపొందించిన ఏఎండీ సంస్థ నుంచి వచ్చింది. ఇంటెల్ 64 బిట్ ప్రాసెసర్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

డెబియన్ 13లో ఐ386 పూర్తిగా మాయం కాలేదు. దాని ప్రయోజనం మాత్రం మారింది. 64 బిట్ కంప్యూటర్‌లో పాత 32 బిట్ ప్రోగ్రామ్‌లను నడుపుకోవడానికే ఇప్పుడు దానిని ఉంచారు. పైగా ఆ ప్యాకేజీలు పనిచేయాలంటే ప్రాసెసర్‌లో 'ఎస్‌ఎస్‌ఈ2' అనే ఆదేశాల సముదాయం ఉండాలి. 2000లో పెంటియం 4తో వచ్చిన ఈ సముదాయం పెంటియం 3, ఏథ్లాన్ ఎక్స్‌పీ వంటి ప్రాసెసర్లలో లేదు.

ఈ నిర్ణయం రాత్రికి రాత్రి వచ్చింది కాదు. కెర్నల్, ఇన్‌స్టాలర్ బృందాలు త్వరలో ఐ386 పనిని ఆపివేస్తాయని డెబియన్ విడుదల బృందం 2023 డిసెంబర్‌లోనే తెలియజేసింది. అంతకుముందు 2017లో వచ్చిన డెబియన్ 9, తొలితరం పెంటియం శ్రేణిని పక్కనపెట్టి, 1995 నాటి పెంటియం ప్రో తరగతి నుంచి మాత్రమే మద్దతు కొనసాగించింది. అంటే ఇది మెట్టు మెట్టుగా సాగిన ఉపసంహరణ.

386తో మొదలైన కథ

ఇంటెల్ 80386 ప్రాసెసర్ 1985లో వచ్చింది. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను రాయడం మొదలుపెట్టింది ఈ ప్రాసెసర్ ఉన్న తన సొంత కంప్యూటర్ మీదే. అయినా 2013 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ 3.8 కెర్నల్ నుంచి 386కు మద్దతును తొలగించారు. ఆ పాత ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా రాసిన భాగాలు మిగతా కెర్నల్‌ను క్లిష్టతరం చేస్తున్నాయన్నదే కారణం. తనకు ఈ విషయంలో మమకారమేమీ లేదని టోర్వాల్డ్స్ అప్పట్లో వ్యాఖ్యానించారు.

2025 ఏప్రిల్‌లో 486 తరగతి ప్రాసెసర్లను కూడా తొలగించాలన్న ప్రతిపాదన కెర్నల్ రూపకర్తల ముందుకు వచ్చింది.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. కెర్నల్‌లో మద్దతు ఉన్నంత మాత్రాన డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్నట్లు కాదు. 32 బిట్ ప్రాసెసర్లపై నడిచే సామర్థ్యం లినక్స్ కెర్నల్‌లో ఇంకా ఉంది. దానిని తమ వాడుకరులకు సిద్ధం చేసి అందించడాన్ని మాత్రమే డెబియన్ ఆపింది.

ఎందుకు ఆపారు?

ఇందుకు ప్రధానంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, పనిచేసేవారి కొరత. 64 బిట్ ఎక్స్86 ప్రాసెసర్లు 2003లో మార్కెట్‌లోకి వచ్చాయి. రెండు దశాబ్దాల తర్వాత 32 బిట్ యంత్రాన్ని రోజువారీ పనికి వాడుతూ, దానిలోని లోపాలను కనిపెట్టి సరిదిద్దే నిపుణులు చాలా తక్కువ మంది మిగిలారు. పరీక్షించేవారు లేని సాఫ్ట్‌వేర్‌ను సురక్షితమని చెప్పి వాడుకరి చేతిలో పెట్టడం ఏ డిస్ట్రిబ్యూషన్‌కైనా ఇబ్బందికరమే.

రెండవది, భద్రత. 2018 జనవరిలో 'మెల్ట్‌డౌన్' పేరుతో ప్రాసెసర్ల రూపకల్పనలోనే ఉన్న ఒక తీవ్రమైన లోపం బయటపడింది. 64 బిట్ లినక్స్‌కు రక్షణ వెంటనే వచ్చింది. 32 బిట్ కెర్నల్‌కు అదే రక్షణ అదే ఏడాది అక్టోబర్‌లో వెలువడిన 4.19 వెర్షన్‌తోగాని అందలేదు. రూపకర్తల దృష్టి ఏ వైపు ఉందో ఈ జాప్యమే చెబుతుంది.

మూడవది, మెమరీ. 32 బిట్ ప్రోగ్రామ్ ఏదైనా ఒకేసారి 4 జీబీకి మించిన చిరునామాలను గుర్తించలేదు. నేటి బ్రౌజర్లలాంటి భారీ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి తయారుచేసే దశలోనే ఈ పరిమితి అడ్డుపడుతోంది. బ్రౌజర్ సంస్థలూ ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 32 బిట్ లినక్స్‌కు గూగుల్ క్రోమ్ 2016లోనే సెలవు చెప్పింది. మొజిల్లా కూడా ఫైర్‌ఫాక్స్ 144తో 32 బిట్ లినక్స్ వెర్షన్లను ముగిస్తున్నట్లు 2025లో ప్రకటించింది.

నాలుగవది, లెక్కల్లో తేడా. ఎస్‌ఎస్‌ఈ2 లేని పాత ప్రాసెసర్లు దశాంశ సంఖ్యల లెక్కలను వేరే పద్ధతిలో, వేరే కచ్చితత్వంతో చేస్తాయి. దీనివల్ల మిగతా అన్ని యంత్రాల్లో ఒకే ఫలితాన్నిచ్చే ప్రోగ్రామ్ ఇక్కడ స్వల్పంగా భిన్నమైన ఫలితాన్ని ఇవ్వవచ్చు. ప్రతి ప్యాకేజీలోనూ ఈ తేడాను వెతికి సర్దడం పెద్ద భారం.

2038 గడువు

వీటికి తోడు ముందున్న ఒక తేదీ కూడా ఈ చర్చలో కీలకం. యునిక్స్ సంప్రదాయంలో కంప్యూటర్ సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కిస్తుంది. ఈ సంఖ్యను 32 బిట్లలో దాచుకునే వ్యవస్థల్లో 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ స్థలం నిండిపోతుంది. ఆ మరుసటి సెకనుకు గడియారం 1901 డిసెంబర్‌లోకి వెళ్లిపోతుంది.

దీన్ని నివారించేందుకు డెబియన్ 13లో సమయాన్ని 64 బిట్లలో దాచే పద్ధతికి మారారు. ఈ మార్పు నుంచి ఒక్క ఐ386ను మాత్రం మినహాయించారు. పాత 32 బిట్ ప్రోగ్రామ్‌లను మార్పు లేకుండా నడపడమే ఇప్పుడు దాని పని. సమయం దాచే పద్ధతిని మారిస్తే ఆ ప్రోగ్రామ్‌లే పనిచేయకుండా పోతాయి. అంటే పాత సాఫ్ట్‌వేర్‌ను కాపాడాలంటే పాత గడియారాన్నీ ఉంచుకోక తప్పలేదు.

డెబియన్ ఒక్కటే కాదు

నిజానికి ఈ బాటలో డెబియన్ ఆలస్యంగా నడిచింది. వాణిజ్య సంస్థలు వాడే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 2014లో విడుదలైన 7వ వెర్షన్ నుంచే 64 బిట్‌కు పరిమితమైంది. ఆర్చ్ లినక్స్ 2017లో, ఫెడోరా 2019లో 32 బిట్ కంప్యూటర్లకు మద్దతును ముగించాయి.

ఉబుంటు అనుభవం మరో కోణాన్ని చూపుతుంది. 32 బిట్ ప్యాకేజీలన్నింటినీ తొలగిస్తామని 2019 జూన్‌లో ఉబుంటు రూపకర్త అయిన కెనానికల్ సంస్థ ప్రకటించింది. స్టీమ్ వేదికపై పాత ఆటలు ఆడేవారి నుంచి, విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే 'వైన్' రూపకర్తల నుంచి తీవ్ర అభ్యంతరాలు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే సంస్థ వెనక్కి తగ్గి, ఎంపిక చేసిన 32 బిట్ ప్యాకేజీలను కొనసాగిస్తామని తెలిపింది. పాత కంప్యూటర్లను వదులుకోవడం వేరు, పాత ప్రోగ్రామ్‌లను వదులుకోవడం వేరు అని ఆ వివాదం తేల్చింది. డెబియన్ 13 కూడా ఈ రెంటినీ విడదీసే చూసింది.

64 బిట్ ఉంటే నిశ్చింతేనా?

డెబియన్ వరకు అయితే ప్రస్తుతానికి అవును. తొలితరం 64 బిట్ ప్రాసెసర్ ఉన్నా డెబియన్ 13 నడుస్తుంది. అన్ని డిస్ట్రిబ్యూషన్ల విషయంలో ఇలా చెప్పలేం.

64 బిట్ ప్రాసెసర్లనే వాటిలోని ఆదేశాల ఆధారంగా 2020లో కొన్ని అంచెలుగా విభజించారు. 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ 9వ వెర్షన్‌కు రెండో అంచె తప్పనిసరి. సుమారుగా ఇది 2008 తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్లకు సరిపోతుంది. 2025 మేలో వచ్చిన 10వ వెర్షన్ మూడో అంచెను కోరుతుంది. ఇందుకు 'ఏవీఎక్స్2' అనే ఆదేశాల సముదాయం ఉండాలి. ఇంటెల్‌లో అది 2013 నాటి హాస్‌వెల్ తరంతో వచ్చింది. అయితే ఆ తర్వాత కూడా తక్కువ ధరకు అమ్ముడైన సెలెరాన్, పెంటియం రకాల్లో అనేకం దానికి నోచుకోలేదు. అందుకే కంప్యూటర్ కొన్న సంవత్సరాన్ని బట్టి నిర్ణయానికి రాకూడదు. ప్రాసెసర్‌లో ఏ ఆదేశాలు ఉన్నాయన్నదే కొలమానం.

రెడ్ హ్యాట్ బాటలోనే సాగే అల్మాలినక్స్, తన 10వ వెర్షన్‌ను రెండో అంచె ప్రాసెసర్లకు కూడా విడిగా తయారుచేసి అందిస్తోంది. శ్రమపడేవారు ఉంటే పాత యంత్రానికి దారి దొరుకుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

మీ కంప్యూటర్ ఏ కోవకు చెందుతుంది?

చాలామంది పొరబడేది ఇక్కడే. కంప్యూటర్‌లో 32 బిట్ విండోస్ లేదా 32 బిట్ లినక్స్ ఉన్నంత మాత్రాన ప్రాసెసర్ కూడా 32 బిట్‌దే అనుకోనక్కరలేదు. మెమరీ తక్కువగా ఉన్న రోజుల్లో 64 బిట్ ప్రాసెసర్లున్న ఎన్నో కంప్యూటర్లలో 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే వేసి ఇచ్చేవారు. ఆ కంప్యూటర్లన్నీ డెబియన్ 13కు అర్హమైనవే.

ఇప్పటికే లినక్స్ ఉన్నట్లయితే టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌సీపీయూ' అనే ఆదేశాన్ని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేస్తే ప్రాసెసర్ వివరాలు కనిపిస్తాయి. ఆపరేషన్ మోడ్ అన్న వరుసలో 32 బిట్‌తోపాటు 64 బిట్ కూడా ఉంటే ప్రాసెసర్ 64 బిట్‌ది. విండోస్‌లో అయితే సెట్టింగ్స్‌లోని 'సిస్టమ్', అందులో 'అబౌట్' భాగంలో సిస్టమ్ టైప్‌ను చూడాలి. అక్కడ 'ఎక్స్64' అని ఉంటే 64 బిట్, 'ఎక్స్86' అని ఉంటే 32 బిట్ ప్రాసెసర్.

స్థూలంగా గుర్తుపెట్టుకోదగిన కొన్ని పేర్లు ఇవి. పెంటియం 3, తొలినాళ్ల పెంటియం 4, పెంటియం ఎం, 2006 నాటి కోర్ డుయో, 2008లో చిన్న నెట్‌బుక్‌లలో విరివిగా వచ్చిన ఆటమ్ ఎన్270 ప్రాసెసర్లు 32 బిట్‌వి. కోర్ 2 డుయో, ఆ తర్వాతి కోర్ ఐ3, ఐ5, ఐ7 శ్రేణులు, ఏథ్లాన్ 64 వంటివి 64 బిట్‌వి. కోర్ డుయోకూ కోర్ 2 డుయోకూ మధ్య ఉన్నది ఒక్క అంకె తేడాయే అయినా, ఈ విషయంలో అదే నిర్ణయాత్మకం.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో లినక్స్ వైపు చూస్తున్నవారు ఈ వార్తతో ఆందోళన చెందాల్సిన పని లేదు. విండోస్ 11కు అర్హత లేదని తేలిన కంప్యూటర్లలో అత్యధికం 64 బిట్‌వే.

ఏం చేయాలి?

64 బిట్ ప్రాసెసర్‌పై 32 బిట్ డెబియన్ వాడుతున్నవారు ముందుగా తమ ఫైళ్లను వేరే డిస్క్‌లో భద్రపరచుకుని, 64 బిట్ డెబియన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలు. 64 బిట్ ప్రోగ్రామ్‌లు కొంత ఎక్కువ మెమరీ తీసుకుంటాయి. కాబట్టి 1 జీబీ, 2 జీబీ మెమరీ ఉన్న యంత్రాల్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌లను ఎంచుకోవాలి.

నిజంగానే 32 బిట్ ప్రాసెసర్ ఉన్నవారికి కొంత వ్యవధి ఉంది. 2023 జూన్ 10న విడుదలైన డెబియన్ 12కు 2026 జూన్ 10 వరకు పూర్తి మద్దతు, ఆ పైన 2028 జూన్ 30 వరకు దీర్ఘకాలిక మద్దతు అన్నది ప్రకటిత కాలక్రమం. దీర్ఘకాలిక మద్దతు అన్ని రకాల ప్రాసెసర్లకూ ఒకేలా ఉండదు. తమ రకానికి వర్తిస్తుందో లేదో డెబియన్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

అల్పైన్ లినక్స్, జెంటూ వంటి డిస్ట్రిబ్యూషన్లు, లినక్స్ కాని నెట్‌బీఎస్‌డీ వంటి వ్యవస్థలు 32 బిట్ ఎక్స్86ను వదలలేదు. అయితే ఇవి కొత్తవారికి అంత సులువుగా కొరుకుడు పడవు.

భద్రతా సవరణలు ఆగిపోయిన కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా టైపింగ్ సాధన, పాత పత్రాల నిల్వ వంటి పనులకు వాడుకోవచ్చు. బ్యాంకింగ్, ఆధార్ సంబంధిత సేవలు, ఈమెయిల్ వంటి వాటికి మాత్రం వాడకూడదు. విద్యుత్ ఖర్చునూ లెక్క చూసుకోవాలి. పెంటియం 4 రకాల్లో కొన్నింటికి ఒక్క ప్రాసెసరే 100 వాట్లకు పైగా తీసుకునేది. నేటి చిన్న కంప్యూటర్లు అంతకంటే ఎంతో తక్కువ విద్యుత్‌తో ఎక్కువ పని చేస్తాయి.

యంత్రాన్ని వదిలించుకోవాలనుకుంటే డిస్క్‌లోని సమాచారాన్ని పూర్తిగా చెరిపివేసి, నమోదిత రీసైక్లింగ్ కేంద్రాలకు అప్పగించాలి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణకు 2022లో రూపొందించిన కొత్త నిబంధనలు మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి.

తెలుగు వాడుకరుల మాటేమిటి?

డెబియన్‌ను తెలుగులోనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పోతన, వేమన వంటి తెలుగు ఖతులు దాని ప్యాకేజీల్లో భాగం. ఇలాంటి ఖతులు ఏ ప్రాసెసర్‌కూ ప్రత్యేకం కావు. ఒకే ప్యాకేజీ అన్ని యంత్రాల్లోనూ పనిచేస్తుంది. అందువల్ల 32 బిట్ నుంచి 64 బిట్‌కు మారినా తెలుగులో ఇప్పటివరకు రాసుకున్న పత్రాలకు, వాడుతున్న ఖతులకు ఎలాంటి నష్టం ఉండదు.

సీ-డాక్ రూపొందించిన భారతీయ ఆపరేటింగ్ సిస్టమ్ 'బాస్' కూడా డెబియన్ ఆధారితమే. మూలంలో ఆగిన పనిని ఆధారిత వ్యవస్థలు సొంతంగా కొనసాగించాలంటే ఆ శ్రమంతా వాటిపైనే పడుతుంది.

డెబియన్ 13లోనే మరో ప్రాసెసర్ కుటుంబానికి తొలిసారి అధికారిక మద్దతు లభించింది. అది ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-ఫైవ్ ప్రమాణం. ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీ-డాక్ 'వేగ' ప్రాసెసర్లు ఈ ప్రమాణం మీదే రూపుదిద్దుకున్నాయి. ఈ కుటుంబానికి చెందిన ప్రతి చిప్ మీదా డెబియన్ నడుస్తుందని అర్థం కాదు. కానీ కార్యకర్తల శ్రమ ఎటు మళ్లుతోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

భారం ఎవరిది?

బాగా పనిచేస్తున్న యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ కారణంగా పక్కనపెట్టవలసి రావడం న్యాయమా అన్న ప్రశ్న సహజమే. పాత యంత్రాలు ఎక్కువగా ఉండేది డబ్బు తక్కువగా ఉన్నవారి దగ్గరే. మద్దతు ఆగినప్పుడు ఖర్చు మాయమైపోదు. సాఫ్ట్‌వేర్ రూపకర్తల భుజాల మీద నుంచి యంత్రం సొంతదారు భుజాల మీదకు మారుతుంది.

అయితే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక వెసులుబాటు ఉంది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది కాబట్టి, ఆసక్తి ఉన్నవారు మూతపడిన పనిని మళ్లీ తెరవవచ్చు. డెబియన్ అధికారికంగా వదిలేసిన ఆల్ఫా, మోటరోలా 68000 శ్రేణి వంటి ప్రాసెసర్లకు ఇప్పటికీ కొందరు స్వచ్ఛందంగా ప్యాకేజీలు తయారుచేస్తూనే ఉన్నారు. ఆర్చ్ లినక్స్ విడిచిన 32 బిట్ పనిని మరో బృందం అందుకుంది.

పాత కంప్యూటర్లపై ఆధారపడిన సంస్థలు ఇప్పుడు చేయదగిన మొదటి పని, తమ వద్ద ఉన్న ప్రతి యంత్రం ప్రాసెసర్‌ను పరిశీలించి జాబితా రాసుకోవడం. వాటిలో 64 బిట్‌వి ఎన్నో తేలితే, మార్చవలసినవి ఎన్నో, అందుకు ఎంత గడువు ఉందో కూడా తేలుతుంది.